గురువు లేని చోట పాఠము: ఖగోళ గణనకు తొలి మెట్టు

విద్య అందరికీ అందవలెనన్నచో తలుపులు తెరచినంత మాత్రమున చాలదు. లోనికి నడిపించు పాఠములు కూడ వ్రాయవలెను. 1982లో దేశమునందలి ప్రథమ సార్వత్రిక విశ్వవిద్యాలయముగా వెలసి, నేడు జూబిలీ హిల్స్‌లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరిట నడచుచున్న విద్యాసంస్థ ఈ సత్యము మీదనే నిలిచియున్నది. ఇంటివద్ద చదువుకొను విద్యార్థికి చేతిలోని పాఠమే గురువు. సందేహము కలిగినపుడు అడుగుటకు ఎదుట ఎవరును ఉండరు. కావున ఆ సందేహమును రచయితయే ముందుగా ఊహింపవలెను.

కంప్యూటరుతో ఖగోళ శాస్త్రము నేర్వగోరువారికి సైతము ఇట్టి పాఠములే కావలెను. 2011లో ప్రారంభమైన 'ఆస్ట్రోపై' అను సాఫ్ట్‌వేర్ లైబ్రరీ పైథాన్ భాషలో వ్రాయబడినది. కాలమును, కోణములను, నక్షత్ర స్థానములను గణించు ప్రోగ్రాములు ఇందు సిద్ధముగా నున్నవి. ఇది ఓపెన్ సోర్స్ కావున ఎవరైనను ఉచితముగా వాడవచ్చును, మూలమును చదువవచ్చును, సవరణలు సూచింపవచ్చును. అయితే ప్రతి ఆదేశమునకు వివరణ ఇచ్చుట వేరు. క్రొత్తవానికి దారి చూపుట వేరు. మొదటిది నిఘంటువు, రెండవది వాచకము. నిఘంటువు చేతికిచ్చి భాష నేర్చుకొమ్మనుట న్యాయము కాదు.

ఉదాహరణకు ఒక తొలి పాఠమును తయారుచేయుదము. ఫిల్మ్‌నగర్ దీపకాంతులలో చిన్న తారలు మరుగుపడినను రోహిణి వంటి ప్రకాశవంతమైన నక్షత్రము కనిపించును. జనవరి 31వ తేదీ రాత్రి 8 గంటలకు అది ఎచ్చట నుండునో గణింపుమని విద్యార్థికి చెప్పుదము. మన అక్షాంశము సుమారు 17.4 డిగ్రీలు, రేఖాంశము 78.4 డిగ్రీలు. సరియైన సమాధానము: రోహిణి దాదాపు నడినెత్తిన ఉండును.

కాని విద్యార్థి సహజముగా 20 గంటలు అని వ్రాయును. వేరుగా చెప్పనంతవరకు లైబ్రరీ దానిని ప్రపంచ ప్రామాణిక కాలముగానే గ్రహించును. మన కాలము అంతకు ఐదున్నర గంటలు ముందున్నది. కావున 14 గంటల 30 నిమిషములని ఇవ్వవలెను. లేనిచో గణన మన రాత్రి ఒంటిగంటన్నరకు జరిగి, రోహిణి పడమట సుమారు 15 డిగ్రీల ఎత్తుననే ఉన్నట్లు చూపును. యంత్రము ఏ దోషమును ప్రకటింపదు. విద్యార్థి మాత్రము "ఈ శాస్త్రము నాకు రాదు" అని వెనుదిరుగును. ఇదియే అసలు నష్టము.

ధ్రువ నక్షత్రమును ఉదాహరణగా ఎన్నుకొన్నచో ఈ పొరపాటు బయటపడదు. అది దాదాపు కదలదు గదా! కావున తప్పును బయటపెట్టు ఉదాహరణనే ఎన్నుకొనవలెను. ప్రతి సంఖ్య ప్రక్కన దాని ప్రమాణము, ప్రతి మెట్టు చివర రావలసిన ఫలితము చూపవలెను. పిమ్మట మేడమీదికి వెళ్ళి ఆకాశముతో సరిచూచుకొమ్మనవలెను. పాఠమును ప్రకటించుటకు ముందు, ఆ విషయమెరుగని ఒక మిత్రునిచే చదివించి, అతడు ఆగినచోటనెల్ల తిరిగి వ్రాయవలెను.

మాతృభాషలో శాస్త్రబోధ మన నగరమునకు క్రొత్త కాదు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో ప్రారంభమైనపుడు, దారుల్ తర్జుమా పండితులు శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి తెచ్చిరి. నేడు ఆ పని తెలుగు, ఉర్దూ తెలిసిన మన విద్యార్థుల ముందున్నది. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న పాఠమును రెండు భాషలలో వ్రాసినను, వెనుదిరుగబోవు ఎందరో ముందుకు సాగుదురు.