పునీత యోహానుగారి గరుడపక్షి

నలుగురు సువార్తికుల పటం చూసిన పిల్లలు “యోహానుగారి పక్కన గ్రద్ద ఎందుకు?” అని అడుగుతారు. “అది ఆయన గుర్తు” అని మనం ఊరుకుంటాము. ఆ జవాబు చాలదు.

పరిగి, హిందూపురం ప్రాంతాల వారికి పక్షిరాజు కొత్త కాదు. లేపాక్షి పేరును జటాయువు కథతో కలిపి చెప్పుకోవడం మీరు చిన్ననాటి నుండి విన్నదే. అక్కడి ఆలయం కట్టించిన కాలంలో ఏలిన అచ్యుతదేవరాయల (1529-1542) బంగారు నాణెం మీద గండభేరుండం ఉంటుంది. ఆ రెండు తలల పక్షి ముక్కులతోను, గోళ్ళతోను ఏనుగులనే పట్టి ఉంటుంది. రాజు బలం జనానికి తెలియాలి, అంతే.

అంతకు వెయ్యేళ్ళ ముందు ఐరోపాలోను ఇదే భావం. రోమా సైన్యాలు గ్రద్ద బొమ్మను ధ్వజంగా మోసేవి. తరువాత ఇటలీని ఏలిన గోతు జాతివారు దానిని నగగా చేయించుకున్నారు. క్రీ.శ. 500 ప్రాంతపు అటువంటి బంగారు గ్రద్ద ఒకటి 1893లో సాన్ మరీనోలోని దొమన్యానోలో దొరికింది. వస్త్రాన్ని భుజం దగ్గర పట్టి ఉంచే పెద్ద పిన్ను అది. సన్నని బంగారు గడుల్లో గార్నెట్ అనే ముదురు ఎర్ర రాళ్ళు పొదిగారు. రాయి మెరవడానికి అడుగున బంగారు రేకు పెట్టడం ఆ కాలపు పద్ధతి. మన కంసాలుల కుందనపు పని తెలిసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. గ్రద్ద రొమ్ము మీద సిలువ! గోతులు క్రైస్తవులే, అయితే ఆరియసు బోధను అనుసరించినవారు.

ఆ కాలపు ఐరోపా నగల్లోని గార్నెట్లలో చాలా వరకు మన దేశం నుండి, శ్రీలంక నుండి ఓడల మీద వెళ్ళినవని పరీక్షల్లో తేలింది. మన తెలుగు నేలలోనూ, కొత్తగూడెం దగ్గర గరీబ్‌పేట కొండ రాళ్ళు ప్రాచీన కాలంలోనే పుదుచ్చేరి చెంత అరికమేడు పూసల పనివారికి చేరేవి.

ఇక యోహానుగారి సంగతి. నాలుగు జీవులు యెహెజ్కేలు 1:10లోను, దర్శన గ్రంథం 4:7లోను కనిపిస్తాయి. ఏ జీవి ఎవరిదన్న విషయంలో మన పితరులే ఏకాభిప్రాయానికి రాలేదు. రెండవ శతాబ్దంలో పునీత ఇరెనేయుసు యోహానుకు సింహాన్ని, మార్కుకు గ్రద్దను ఇచ్చారు. పునీత జెరోము, పునీత అగుస్తీను గ్రద్దను యోహానుకు ఇచ్చారు. సూర్యుని రెప్పవేయక చూడగల పక్షి అని ప్రాచీనుల నమ్మకం. యోహాను సువార్త పశువుల పాక దగ్గర కాక, ఆదియందున్న వాక్కుతో మొదలవుతుంది కదా. అయినా ఏడవ శతాబ్దపు డర్రో గ్రంథంలో యోహాను గుర్తు ఇంకా సింహమే!

700 ప్రాంతంలో ఇంగ్లండులో చిత్రించిన లిండిస్ఫార్న్ సువార్తల్లో మాత్రం యోహాను తల పైన గ్రద్ద ఎగురుతుంది. దాని గోళ్ళలో వేట లేదు, ఏనుగు లేదు. పుస్తకం ఉంది.

ఈ ఆదివారం పూజ తరువాత మీ గుడిలోని పటం దగ్గరకు పిల్లలను తీసుకువెళ్ళి, గ్రద్ద ఏమి పట్టుకుందో చూసి చెప్పమనండి. కొన్ని పటాల్లో పుస్తకానికి బదులు ముక్కున సిరాబుడ్డి ఉంటుంది.