సీసం పలకే ఎందుకు?

అత్త బకెట్ తోముతోంది. అది పాత ఇనుప బకెట్. పైన తెల్లటి పూత ఉంది. అడుగున పూత పోయి తుప్పు పట్టింది.

"ఈ పూత ఏంటమ్మాయ్?" అని కోడల్ని అడిగింది.

"జింకు అత్తయ్యా. ఇనుముకి తుప్పు పట్టకుండా వేస్తారు. మా నాన్న జింకు ఫ్యాక్టరీలోనే పనిచేశాడు."

విశాఖపట్నంలో 1977లో జింకు ఫ్యాక్టరీ మొదలయింది. తర్వాత అది మూతపడింది. రాజస్థాన్‌లోని చందేరియా వంటి చోట్ల ఇప్పటికీ జింకు తీస్తున్నారు.

జింకు ఉన్న రాయిని ముందు కాలుస్తారు. గంధకామ్లంలో కరిగిస్తారు. ఆ నీళ్లను శుభ్రం చేసి తొట్లలో పోస్తారు. తొట్లలో రెండు రకాల పలకలు వేలాడదీసి కరెంటు పెడతారు. అల్యూమినియం పలకల మీద జింకు పేరుకుంటుంది. ఒకటి రెండు రోజులకు దాన్ని రేకులా ఒలుస్తారు.

కరెంటు లోపలికి వెళ్లే రెండో పలకను ఆనోడు అంటారు. దాన్ని దేనితో చెయ్యాలి? చిక్కంతా అక్కడే ఉంది.

"ఇనుముతో చెయ్యొచ్చుగా? చవక" అంది అత్త.

"యాసిడ్‌లో ఇనుము నిలుస్తుందా? కరిగిపోతుంది. నీళ్లలో కలిసి జింకు పనిని పాడుచేస్తుంది."

"పోనీ, జింకుతోనే చేస్తే?"

కోడలు నవ్వింది. "అదీ కరుగుతుంది. ఇటు కరిగిందే అటు అంటుకుంటుంది. కుడి చేతి గాజు తీసి ఎడమ చేతికి వేసుకున్నట్టు. కొత్తగా వచ్చిందేముంది?"

ప్లాటినం కరగదు. కానీ అన్ని పలకలు ప్లాటినంతో చేయించే స్తోమత ఏ ఫ్యాక్టరీకి ఉంటుంది? బొగ్గు పలక పెడితే, అక్కడ పుట్టే ప్రాణవాయువు దాన్ని తినేస్తుంది. అల్యూమినియం ఫ్యాక్టరీల్లో మాత్రం తెలిసి తెలిసీ బొగ్గే పెడతారు. టన్ను అల్యూమినియానికి 400 కిలోల బొగ్గు దాకా ఖర్చయిపోతుంది.

జింకుకు సీసం కుదిరింది. గంధకామ్లంలో కరెంటు తగలగానే సీసం మీద కాఫీపొడి రంగు పొర పడుతుంది. ఇనుము తుప్పు ఇనుమునే తింటుంది. ఈ పొర అలా కాదు, లోపలి సీసాన్ని కాపాడుతుంది. సీసంలో కాస్త వెండి కూడా కలుపుతారు. 100 కిలోలకు కిలో లోపే. ఆ కాస్త వెండితో పలక ఎక్కువ కాలం మన్నుతుంది.

"సీసం విషం అంటారు గదమ్మా?"

"విషమే అత్తయ్యా."

పొర పెచ్చులూడి తొట్టి అడుగున బురదలా చేరుతుంది. ఆ బురద ఎత్తేవాళ్లకు చేతి తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. తొట్టిలోంచి బుడగలతో పాటు యాసిడ్ తుంపర లేస్తుంది. కళ్లు, గొంతు మండుతాయి. అన్నం తినేముందు సబ్బుతో చేతులు కడగాలి.

"మా నాన్న డ్యూటీ బట్టలతో గడప దాటేవాడు కాదు. మా అమ్మ రానిచ్చేది కాదు" అంది కోడలు. "ట్రాక్టరు బ్యాటరీలో ఉండేదీ ఆ సీసమే, ఆ యాసిడే."

అత్త గబుక్కున పెరటి వైపు చూసింది. పాత బ్యాటరీ మీద మనవడు కూర్చుని ఉన్నాడు. చేతిలో సుత్తి ఉంది.

"ఒరే, ముందు అక్కణ్ణించి దిగరా!" అని కేకేసింది.