డమ్‌డమ్ గుండు – యుద్ధధర్మము

యుద్ధమునందు శత్రువును చంపుట నేరము కాదని లోకము చిరకాలమునుండి యొప్పుకొనుచున్నది. చంపుటయే నేరము కానిచోట, ఏ యాయుధముతో చంపవలెనను విచారమెందులకని మనలో ననేకులకు తోచును. కత్తివలన పోయినను గుండువలన పోయినను పోవునది ప్రాణమే కదా! ఈ ప్రశ్న చూచుటకు తేలికగా నున్నను, దీనికి సమాధానము వెదకుటకై దేశదేశముల ప్రతినిధులు సభలు చేసి దీర్ఘముగా వాదించిరి. ఆ వాదమునకు కారణమైన యొక చిన్న గుండు మన దేశముననే పుట్టినది. దాని చరిత్రమును తెలిసికొన్నచో యుద్ధధర్మమనగా నేమో కొంతవరకు బోధపడగలదు.

మన పూర్వులు నీ విషయమును విచారింపకపోలేదు. విషము పూసిన బాణములను, పెరుకుటకు వీలులేని ములుకులుగల బాణములను, నిప్పుతో మండు బాణములను యుద్ధమున ప్రయోగింపరాదని మనుస్మృతి విధించుచున్నది. భారతయుద్ధమునకు ముందు కురుపాండవులు కొన్ని నియమములు చేసికొన్నట్లు భీష్మపర్వము చెప్పుచున్నది. రథికుడు రథికునితోడనే పోరవలెను. ఆయుధము పోయినవానిని, వెన్నిచ్చి పోవువానిని చంపరాదు. యుద్ధము ముదిరినకొలది ఈ నియమములు తప్పిపోయెను. తుదకు అశ్వత్థామ నిదురించుచున్న వీరులను రాత్రివేళ సంహరించెను. తిక్కన తెనిగించిన సౌప్తికపర్వమును చదివినవారెవ్వరు నది శౌర్యమని మెచ్చుకొనరు. నియమము తప్పినందున నియమము వ్యర్థమైనదని యనుకొనరాదు. నియమమున్నందుననే యా పని అధర్మమని మనము గుర్తింపగలుగుచున్నాము. ఈ మాటను జ్ఞాపకముంచుకొని ముందునకు సాగుదము.

ఆధునిక కాలమున ఆయుధములకు హద్దు నేర్పరచిన మొదటి సభ 1868లో నాటి రష్యా రాజధానియైన సెంటుపీటర్సుబర్గు నగరమున జరిగెను. అయిదేండ్లకు ముందు రష్యా సైన్యమువారు మందుగుండు బండ్లను పేల్చివేయుటకై, గట్టివస్తువును తాకినంతనే ప్రేలు గుండు నొకదానిని కనిపెట్టిరి. 1867లో దానిని మార్పగా, మెత్తని వస్తువును తాకినను అది ప్రేలసాగెను. అనగా మనుష్యుని శరీరములోపల ప్రేలగలదన్నమాట. రష్యా ప్రభుత్వమువారు దానిని తాము వాడుటకు నిష్టపడలేదు. ఇతరులు వాడుటకును సమ్మతింపలేదు. రెండవ అలెగ్జాండరు చక్రవర్తి ఆహ్వానముపై కూడిన సభవారు, 400 గ్రాములకు తక్కువ బరువుగల ప్రేలుడు గుండ్లను తమలో తాము పోరునపుడు వాడమని మాట యిచ్చుకొనిరి.

ఆ ప్రకటనలో నిషేధముకంటె, దానికి చూపబడిన కారణము గొప్పది. యుద్ధమున న్యాయమైన ప్రయోజన మొక్కటియే. అది శత్రుసైన్యమును బలహీనమొనర్చుట. అందులకు సైనికుడు పోరాడలేని స్థితికి వచ్చిన చాలును. అటుపైని అతని బాధను వ్యర్థముగా హెచ్చించునట్టియు, మరణమును తప్పనిసరి చేయునట్టియు ఆయుధము ఆ ప్రయోజనమును దాటిపోయినది. గాయపడి పడిపోయిన సైనికుడు శత్రువు కాడు, మనుష్యుడు. అతడు బ్రతికి యింటికి పోవుటవలన మనకు నష్టము లేదు. సూత్రమింతియే.

ఇక డమ్‌డమ్ గుండు కథ. నేడు కోల్‌కతా యని వ్యవహరింపబడు కలకత్తాకు సమీపమున డమ్‌డమ్ అను నూరు గలదు. 1857 జనవరిలో క్రొవ్వు పూసిన తూటాలనుగూర్చిన వదంతి మొట్టమొదట నీ యూరనే బయలుదేరి సిపాయిల తిరుగుబాటునకు దారితీసెను. అచ్చట ప్రభుత్వమువారి ఆయుధశాల యుండెడిది. 1888లో బ్రిటిషు సైన్యమువారు లీ-మెట్‌ఫర్డు అను క్రొత్త తుపాకిని స్వీకరించిరి. అంతకుముందున్న మార్టీని-హెన్రీ తుపాకి గుండు 0.45 అంగుళముల లావుగల సీసపు గుండు, క్రొత్తది 0.303 అంగుళముల లావు మాత్రమే. దాని లోపల సీసమును, పైని గట్టి లోహపు తొడుగును ఉండెను. అది మిక్కిలి దూరము, మిక్కిలి వేగముగా పోగలదు. అయితే ఒక్కొక్కప్పుడు మనుష్యుని శరీరమును సన్నని రంధ్రము చేసికొని దూసికొని పోవుచుండెను. 1895లో వాయవ్య సరిహద్దున జరిగిన చిత్రాలు దండయాత్రలో, గుండు తగిలినను శత్రువులు ఆగక మీదికి వచ్చుచున్నారని సైనికులు మొరపెట్టుకొనిరి.

అంతట డమ్‌డమ్ కర్మాగారమున కెప్టెన్ బెర్టీ-క్లే యనునాతడు గుండు మొనవద్ద తొడుగును తీసివేసి లోని సీసము బయటపడునట్లు చేసెను. మార్పు చిన్నదే, ఫలితము చిన్నది కాదు. ఇట్టి గుండు శరీరమును తాకగానే మొనయందలి మెత్తని సీసము నొక్కుకొనిపోయి పుట్టగొడుగువలె విచ్చుకొనును. సన్నని రంధ్రమునకు బదులు విశాలమైన గాయమేర్పడును, కండరములు చీలిపోవును, ఎముక తగిలిన ముక్కలుముక్కలగును. శస్త్రవైద్యునికి నయము చేయుట దుర్లభమగును. 1897-98లో తీరా ప్రాంతమున అఫ్రీదీలపై జరిగిన దండయాత్రలో దీనిని వాడిరి.

1899లో రష్యా చక్రవర్తి రెండవ నికొలాసు ప్రేరణముచే హాలండుదేశమందలి హేగు నగరమున 26 దేశముల ప్రతినిధులు కూడిరి. శరీరములో విచ్చుకొను గుండ్లను నిషేధింపవలెనను ప్రతిపాదన సభకు వచ్చెను. దానిని బ్రిటనును అమెరికాయు నెదిరించెను. బ్రిటిషు ప్రతినిధి సర్ జాన్ ఆర్డా వాదము యొక్క సారాంశమిది: నాగరికుడైన సైనికుడు గుండు తగిలినంతనే తాను గాయపడితినని గ్రహించి వెనుకకు పోవును, అనాగరికుడట్లు కాక, గాయముతోడనే మీదబడి నరకును, కావున అట్టివానిని నిలుపుటకు బలమైన గుండు వలయును.

ఈ వాదమును మనము తొందరపడి త్రోసివేయరాదు. కత్తి దూసి పరుగెత్తి వచ్చువానియెదుట నిలిచిన సైనికునికి భయము నిజమే. తన ప్రాణమును, ప్రక్కవాని ప్రాణమును కాపాడుకొనుట అతని హక్కు. శత్రువును నిలుపలేని గుండు అతనికి నిరుపయోగము. అయినను ఈ వాదమున రెండు దోషములున్నవి. మొదటిది: గుండు తగిలినవాడు పడిపోవుటయు పడిపోకుండుటయు గాయము తగిలిన చోటునుబట్టియు, వాని మనస్థైర్యమునుబట్టియు నుండును గాని, వాని జాతినిబట్టి యుండదు. యూరపుఖండపు యుద్ధములలో సయితము గాయపడియు ముందునకు ఉరికిన సైనికు లెందరో కలరు; వారిని వీరులని పొగడుదుము. అదే ధైర్యమును కొండజాతివానియందు చూచినప్పుడు మౌఢ్యమనుట న్యాయమా? రెండవది: బాధ కందరి శరీరములును సమానమే. ఒకరి కొక గుండు, మరియొకరి కింకొక గుండు అని యేర్పరచినచో, బాధను వ్యర్థముగా పెంచరాదను సూత్రమే కూలిపోవును.

వాదము నెగ్గలేదు. 1899 జూలై 29వ తేదీని నిషేధప్రకటన జరిగెను. కాని యందొక లోపముండెను. ఒప్పుకొన్న దేశములు తమలో తాము పోరునపుడు మాత్రమే అది వర్తించును. తీరా కొండలయందలి అఫ్రీదీకి హేగు సభలో ప్రతినిధి లేడు; చేవ్రాలు చేయుటకు కలము లేదు. డమ్‌డమ్ గుండుచే గాయపడినవానికే ఆ ప్రకటన రక్షణ మీయకపోయెను. చట్టము పుట్టినంతమాత్రమున న్యాయము పూర్తి కాదనుట కింతకంటె నిదర్శనము వలదు.

అయినను హద్దు క్రమముగా విస్తరించెను. 1907లో బ్రిటను ఆ ప్రకటనకు సమ్మతించెను. 1914-18 మహాయుద్ధమున ఉభయపక్షములును, ఎదిరివారు డమ్‌డమ్ గుండ్లు వాడుచున్నారని యొకరిపై నొకరు నిందలు మోపుకొనిరి. నింద యనుటయే గమనింపదగినది. ఆ గుండును వాడితిమని గర్వముగా చెప్పుకొను కాలము గతించినది. 1998లో రోము నగరమున ఏర్పడిన ఒడంబడిక, దేశముల నడుమ జరుగు యుద్ధములలో వీనిని వాడుట యుద్ధనేరమని నిర్ణయించెను. 2010లో చేసిన సవరణము దానిని అంతర్యుద్ధములకును విస్తరింపజేసెను. డమ్‌డమ్ గుండు పుట్టిన శతాబ్దము దాటిన పిదప గాని, సభలో చోటులేని పోరాటగానికి ఈ రక్షణ లభింపలేదు.

ఇచట నొక ఆక్షేపణ కలదు. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములను ఒక్కొక్క బాంబుతో నాశనముచేసిన మానవుడు, గుండు మొనయందలి తొడుగునుగూర్చి వాదించుట హాస్యాస్పదము కాదా? ఆక్షేపణ బరువైనదే. 1868 సభ సయితము 400 గ్రాములకు మించిన ప్రేలుడు గుండ్లను నిషేధింపలేదు. ఫిరంగిగుండ్లు ప్రేలుచునే యుండెను. కాని పెద్ద అన్యాయమును ఆపలేకపోతిమి గనుక చిన్న అన్యాయమును విడిచిపెట్టుదమనుట తర్కము కాదు. ఎంతటి బాధ అవసరమని తుపాకిగుండు విషయమున అడుగనేర్చినవారే, ఆ ప్రశ్నను బాంబు విషయమునను అడుగగలరు. మొదటిదాని నడుగుట మానినవారికి రెండవది తోచదు.

విద్యార్థులారా! వార్తాపత్రికలలో యుద్ధవృత్తాంతములను చదువునపుడు ఎవరు గెలిచిరి, ఎందరు కూలిరి అని మాత్రమే చూడకుడు. పడిపోయినవానిని ఏమి చేసిరి, ఏ యాయుధము నెవరిపై వాడిరి, ఆ యాయుధమునే తమపై వాడిన నొప్పుకొందురా అని కూడ విచారింపుడు. శత్రువును గూర్చి “వాడు మనవంటివాడు కాడు” అను మాట వినబడినచోట మరింత జాగరూకులై యుండుడు. డమ్‌డమ్ గుండును సమర్థించిన వాదము ఆ మాటతోనే ఆరంభమైనది.