వోల్టేజీ చూసి విలువ కట్టవద్దు

పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోని లిథియం సెల్స్ కొని, సోలార్ దీపాలకు ప్యాకులు కట్టే యువకుడు మా శాఖలో ముద్ర రుణానికి దరఖాస్తు చేశాడు. స్టాకు తనిఖీకి వెళ్తే, మల్టీమీటరులో ప్రతి సెల్ 4 వోల్టులు చూపింది. అన్నింటికీ ఒకే ధర రాయబోయాను.

"ఆగండి సార్! అది ఇప్పుడున్న చార్జింగు మాత్రమే. సెల్‌లో ఎంత పడుతుందో విడిగా చూడాలి" అన్నాడతను.

పద్ధతి తేలికే. ఉబ్బినవి, కారినవి, 2 వోల్టుల కిందికి పడిపోయినవి ముందే తీసేయాలి. ఇలాంటి సెల్స్‌ను సాధారణంగా 4.2 వోల్టుల వరకు చార్జి చేసి, కాసేపు ఆగి, మారని కరెంటుతో తయారీదారు చెప్పిన కనిష్ఠ వోల్టేజీ దాకా ఖాళీ చేయాలి. కరెంటును గంటలతో గుణిస్తే మిగిలిన సామర్థ్యం తెలుస్తుంది. 2,500 మిల్లీ ఆంపియర్ అవర్ల సెల్ 500 మిల్లీ ఆంపియర్ల వద్ద 4 గంటలు నిలిస్తే 2,000, అంటే 80 శాతం. నా ఎదుటే ఒక సెల్ 2 గంటలకే దిగిపోయింది. అంటే 40 శాతమే! సిరీస్‌లో అలాంటిది ఒక్కటున్నా ప్యాకు మొత్తం దాని దగ్గరే ఆగిపోతుంది.

నిజం చెప్పి తన స్టాకు విలువను తానే తగ్గించుకున్నాడు. సామర్థ్యం చీటీ అంటించిన సెల్స్‌కే విలువ కట్టి, ఆ మేరకు రుణం సిఫారసు చేశాను.

వోల్టేజీ అంటే తనిఖీ రోజు ఖాతాలో కనిపించే నిల్వ. సామర్థ్యం అంటే ఏడాది టర్నోవరు. మనం దేన్ని నమ్మాలో వేరే చెప్పాలా?