బాకీ దావా పలాసలోనా, ఢిల్లీలోనా?

పలాస-కాశీబుగ్గ జీడిపప్పు వర్తకంలో బేరాలు చాలావరకు ఫోనుమీదనే కుదురుతుంటాయి. బ్రోకరు ధర చెబుతాడు, అవతలి వర్తకుడు "సరే, పంపండి" అంటాడు, సాయంత్రానికి డబ్బాలు లారీకెక్కుతాయి. సొమ్ము సకాలంలో వచ్చినంతకాలం ఆ బేరం ఏ వూళ్ళో కుదిరిందని అడిగేవారు వుండరు. సొమ్ము రాని రోజున మొదట తలెత్తే ప్రశ్న అదే. ఢిల్లీ ఖారీ బావ్లీలోని కొనుగోలుదారు "ముక్క ఎక్కువగా వుంది" అని కొంత కోసి, మిగిలినది కూడా ఆపేస్తే పలాస వర్తకుడు దావా ఎక్కడ వేయాలి? ఢిల్లీలో అయితే అక్కడి వకీలు ఫీజు, రైలు ఖర్చులు, సాక్షుల రానుపోను కలిసి బాకీలో మంచి భాగాన్ని తినివేస్తాయి. ఈ సంగతి బాకీదారుకు కూడా బాగా తెలుసు. కలకత్తా వైపు సరుకు పంపే విజయనగరం గోగునార వర్తకులకూ ఈ చిక్కు కొత్తది కాదు.

సివిల్ ప్రొసీజర్ కోడు 20వ సెక్షను ప్రకారం ప్రతివాది నివసించే లేక వ్యాపారం చేసే చోట దావా వేయవచ్చు. వ్యాజ్యకారణం పూర్తిగా గాని, కొంత భాగం గాని ఏర్పడిన చోట కూడా వేయవచ్చు. వర్తకులకు అక్కరకు వచ్చేది ఈ "కొంత భాగం" అన్న మాటే. ఒప్పందం కుదిరిన చోటు, సరుకు అప్పగించిన చోటు, సొమ్ము చెల్లించవలసిన చోటు - వీటిలో ఏ ఒక్కటి పలాస అయినా అక్కడి కోర్టుకు అధికార పరిధి వస్తుంది.

ఫోను బేరం ఏ వూళ్ళో కుదిరినట్టు? దీనికి సుప్రీంకోర్టు 1965లో జవాబు చెప్పింది. అహమ్మదాబాదు వర్తకులు ఖామ్‌గావ్‌లోని ఒక వ్యాపార సంస్థ నుంచి పత్తిగింజల చెక్క కొంటామని ఫోనులో అడిగారు, ఖామ్‌గావ్ వారు ఒప్పుకున్నారు. సరుకు రాలేదని అహమ్మదాబాదులో దావా పడింది. అంగీకారం పలికిన చోటు ఖామ్‌గావ్ గనుక దావా అక్కడే నడవాలని ప్రతివాదుల వాదన. ఫోనులో అంగీకారం వినబడిన చోటనే ఒప్పందం కుదిరినట్టని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారు, కేసు అహమ్మదాబాదులోనే నిలిచింది. జస్టిస్ హిదయతుల్లా భిన్నాభిప్రాయం రాశారు. మన కాంట్రాక్టు చట్టం 1872 నాటిది, టెలిఫోను పుట్టినది 1876లో. పేచీ రావడంలో వింత లేదు.

దీనిని జీడిపప్పుకు అన్వయించి చూడాలి. పలాస వర్తకుడు తానే ఫోను చేసి డబ్ల్యు-320 ఫలానా ధరకు ఇస్తానంటే, ఢిల్లీ వారు "పంపండి" అన్న మాట పలాసలో వినబడింది. బేరం పలాసలో కుదిరినట్టు. ఢిల్లీ వారు ముందు ధర చెప్పి అడిగితే, పలాస నుంచి వెళ్ళిన "సరే" ఢిల్లీలో వినబడింది; బేరం ఢిల్లీదే. ఉత్తరాల సంగతి వేరు: అంగీకారపు ఉత్తరం టపాలో వేసిన చోటనే బేరం కుదురుతుంది.

బేరం ఢిల్లీదైనంత మాత్రాన పలాస వర్తకుడు నిరుత్సాహపడనక్కరలేదు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 39వ సెక్షను ప్రకారం, ఒప్పందం మేరకు కొనుగోలుదారుకు చేర్చడానికి సరుకును లారీకి లేక రైలుకు అప్పగిస్తే, సాధారణంగా అది కొనుగోలుదారుకు అప్పగించినట్టే. లారీ రసీదుకు విలువ అక్కడే. అయితే ఢిల్లీలో అప్పగించే షరతు మీద అమ్మితే ఈ అండ వుండదు.

ఇక బిల్లు అడుగున అచ్చువేసే పంక్తి: "వివాదాలు పలాస కోర్టు పరిధికి లోబడి వుంటాయి." ఈ పంక్తిమీద వర్తకులకు వున్న నమ్మకం దాని బలానికి మించినది. అధికారం లేని కోర్టుకు ఇరుపక్షాలు కలిసి రాసుకున్నా అధికారం ఇవ్వలేరని, అధికారం వున్న రెండు మూడు కోర్టులలో ఒకదానిని ఎంచుకోవచ్చునని 1971లో హకంసింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1989లో ఏ.బి.సి. లామినార్ట్ కేసులో వివాదాలు "కైరా పరిధికి లోబడి" అన్న షరతులో "మాత్రమే" వంటి మాట లేనందున సేలం కోర్టు తలుపు మూసుకుపోలేదని తీర్పు వచ్చింది. 2013లో స్వస్తిక్ గ్యాసెస్ కేసులో ఆ మాట లేకపోయినా పక్షాల ఉద్దేశం స్పష్టంగా వుంటే చాలునన్నారు. ఇన్ని తీర్పులమీద వాదించుకోవడం కంటే "మాత్రమే" అన్న మాటను అచ్చువేయించడం చౌక. అంతకన్నా ముఖ్యం, బేరం కుదిరి సరుకు వెళ్ళిన తరువాత చేరే బిల్లులో విక్రేత ఒక్కడే వేసుకున్న షరతుకు తాను ఒప్పుకోలేదని కొనుగోలుదారు అనగలడు. బ్రోకరు రాసే సౌదా చీటీలోనే ఆ షరతును, "సొమ్ము పలాసలో చెల్లించాలి" అన్న మాటను చేర్చి కొనుగోలుదారు సంతకం తీసుకుంటే ఆ అవకాశం వుండదు. బేరం వాట్సప్‌లో నడిచి వుంటే ఆ ఫోనును పారేయకూడదు. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని 63వ సెక్షను సర్టిఫికెట్ కోరుతుంది.

వర్తకుల మధ్య సాధారణ లావాదేవీల వివాదం విలువ 3 లక్షల రూపాయలు, ఆపైన వుంటే అది 2015 నాటి వాణిజ్య కోర్టుల చట్టం కిందికి రావచ్చు. లారీ లోడు జీడిపప్పు ఆ హద్దును సులభంగా దాటుతుంది. అలాంటి ప్రత్యేక కోర్టు విశాఖపట్నంలో వున్నది. అత్యవసర ఉత్తర్వు కోరని దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్ళడం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు స్థిరపరచింది. వెళ్ళకుండా వేస్తే ప్లెయింటు తిరస్కరిస్తారు. అక్కడ కుదిరిన రాజీకి ఆర్బిట్రేషను అవార్డుకు వున్నంత బలం వుంటుంది. "ముక్క ఎక్కువ" వంటి తగాదాలు నిజానికి ఇక్కడ తేలవలసినవే.

గడువు మాత్రం ఎవరికోసం ఆగదు. అరువు గడువు చెప్పని అమ్మకానికి సరుకు అప్పగించిన నాటి నుంచి, గడువు చెప్పినదానికి అది ముగిసిన నాటి నుంచి 3 సంవత్సరాలలో దావా పడాలి. మధ్యవర్తిత్వంలో గడిచిన కాలం ఇందులో లెక్కకు రాదు. 3 ఏళ్ళు నిండకముందే బాకీ ఒప్పుకుంటూ సంతకంతో కూడిన కాగితం ఇస్తే ఆనాటి నుంచి మళ్ళీ 3 ఏళ్ళు లెక్క. "వచ్చే నెల చూద్దాం" అని ఫోనులో ఎన్నిసార్లు చెప్పినా ఆ లెక్కలోకి రాదు. అందుకే ఏటా మార్చి 31 నాటి నిల్వను ఖాతా నకలుతో పంపి, సంతకం పెట్టించి తెప్పించుకునే అలవాటు పాత షావుకార్లలో వుండేది.