కట్టిన డబ్బు, మిగిల్చిన పళ్ళెం

ఈ రోజుల్లో ఉమ్రాకు వెళ్ళేవారైనా, పిల్లల సెలవుల్లో ఊటీకో గోవాకో వెళ్ళేవారైనా ప్యాకేజీ తీసుకోవడం మామూలైపోయింది. విమానం, గది, బస్సు, మూడు పూటల భోజనం అన్నీ కలిపి ఒకే మొత్తం ముందే కట్టేస్తారు. ప్రయాణంలో తిండి కోసం వెతుక్కునే బాధ తప్పుతుంది గనుక ఇది మంచి ఏర్పాటే. ముసలివారికి, చంటిపిల్లల తల్లులకు మరీ మంచిది. అయితే ఈ ఏర్పాటుతోపాటు మన మనసుల్లోకి ఒక మాట కూడా ప్రవేశించింది. “డబ్బు ఎలాగూ కట్టేశాం, రాబట్టుకోవద్దా?” అన్నదే ఆ మాట. బఫే బల్ల దగ్గర నిలబడిన మనిషి చేత అది ఏమేం చేయిస్తుందో చూసినవారికి తెలుసు. ఇంట్లో రెండు ఇడ్లీలతో లేచే మనిషి అక్కడ ఇడ్లీ, పూరీ, ఆమ్లెట్, బ్రెడ్డు, కేకు, రెండు రకాల పళ్ళరసం ఒకేసారి తెచ్చుకుంటాడు. సగం తింటాడు. తిన్న సగం కడుపుకు భారం, వదిలిన సగం చెత్తబుట్టకు భారం.

దివ్య ఖుర్ఆన్‌లో అల్ ఆరాఫ్ సూరా 31వ ఆయతు ఈ సందర్భంలో గుర్తు చేసుకోవలసినది. ప్రతి ఆరాధనా సమయంలో వస్త్రాలంకరణ చేసుకోమని, తినమని, త్రాగమని, అయితే హద్దు మీరవద్దని, హద్దు మీరేవారిని అల్లాహ్ ఇష్టపడడని అందులో ఉంది. ఆయతు అర్థం మనందరికీ తెలుసు. అది ఏ సందర్భంలో వచ్చిందో తెలిసినవారు తక్కువ. ఇస్లామ్‌కు ముందు అరబ్బుల్లో కొందరు కాబా చుట్టూ బట్టలు లేకుండా తవాఫ్ చేసేవారు. కొన్ని తెగలవారు హజ్ రోజుల్లో క్రొవ్వు ముట్టేవారు కాదు, ప్రాణం నిలవడానికి సరిపడా మాత్రమే తినేవారు, దాన్నే భక్తి అనుకునేవారు. ఈ పరిస్థితిని సరిదిద్దుతూ ఆయతు అవతరించిందని తఫ్సీర్ గ్రంథాలు చెబుతున్నాయి. అంటే ఈ ఆజ్ఞ మొదట వర్తించింది యాత్రికుల భోజనానికే! యాత్రికుడు పస్తుండాలని అల్లాహ్ కోరలేదు. తినమనే చెప్పాడు. ఆ మాట వెంటనే గీత కూడా గీశాడు. కాబట్టి ప్యాకేజీలో బిర్యానీ ఉండడం తప్పు కాదు, దాన్ని రుచిగా తినడమూ తప్పు కాదు. భోజనాన్ని చూసి మొహం ముడుచుకోవడం ధర్మనిష్ఠ అనిపించుకోదు.

హద్దు మీరడానికి ఖుర్ఆన్‌లో రెండు పదాలు కనిపిస్తాయి. ఒకటి ఇస్రాఫ్, రెండోది తబ్జీర్. ధర్మసమ్మతమైన దాన్నే అవసరానికి మించి వాడడం ఇస్రాఫ్ అని, అసలు ఖర్చు కాకూడని చోట ఖర్చు చేయడం, పారబోయడం తబ్జీర్ అని ధర్మవేత్తలు వివరించారు. తబ్జీర్ చేసేవారిని బనీ ఇస్రాయీల్ సూరా 27వ ఆయతు షైతానుల సోదరులుగా పేర్కొంది. నిండిన కడుపులోకి ఇంకా నెట్టడం మొదటిది, వడ్డించుకున్నది వదిలి లేవడం రెండోది. బఫే పళ్ళెం ఒక్కదానిలోనే రెండూ జరిగిపోతాయి.

ఇక “నేను డబ్బు కట్టాను, ఇది నాది” అన్న వాదన సంగతి చూద్దాం. నిజానికి మీరు కొన్నది ఏమిటి? ఇంత బియ్యం, ఇంత మాంసం అని తూచి మీకు అమ్మలేదు. ఎంత తింటారో వారికీ తెలియదు, మీకూ తెలియదు. వస్తువు పరిమాణం తెలియని బేరం మామూలుగా చెల్లదు. మరి ఇది ఎలా చెల్లుతుంది? దీనికి పోలిక ఫిఖహ్ గ్రంథాల్లో పూర్వం నుంచీ ఉంది. పాత రోజుల్లో హమామ్‌కు, అంటే స్నానశాలకు వెళ్ళేవారు నిర్ణీత రుసుము చెల్లించేవారు. ఎవరు ఎంతసేపు ఉంటారు, ఎన్ని చెంబులు పోసుకుంటారు అన్నది తెలియదు. అయినా జనబాహుళ్యంలో వాడుక ఉంది, తేడా స్వల్పం, తగాదా రాదు గనుక పండితులు దాన్ని అనుమతించారు. నేటి ధర్మవేత్తల్లో అనేకులు బఫే భోజనాన్ని కూడా ఇదే పద్ధతిలో అనుమతించారు. గమనించవలసింది ఏమిటంటే, ఈ అనుమతి మొత్తం వాడుక మీద ఆధారపడి ఉంది. వాడుక ప్రకారం మీకు దక్కింది ఆకలి తీరేదాకా అక్కడ కూర్చొని తినే హక్కు. బల్ల మీద ఉన్నదానికి మీరు యజమాని కారు. స్నానశాలకు డబ్బు కట్టినవాడు తొట్టె నీళ్ళన్నీ నేల మీద పారబోస్తే “నేను డబ్బు కట్టాను” అనే మాట చెల్లుతుందా?

పోనీ, అది పూర్తిగా మీ సొత్తే అనుకుందాం. అయినా బాధ్యత తీరదు. ధనం ఎక్కడ సంపాదించావు, దేనిలో ఖర్చు చేశావు అన్న ప్రశ్నకు జవాబు చెప్పేదాకా ప్రళయదినాన దాసుని పాదాలు కదలవని దైవప్రవక్త (స) హెచ్చరించారు. ఈ హదీసు తిర్మిజీలో ఉంది. ప్రశ్న సొంత డబ్బు గురించే. పైగా కట్టిన డబ్బు ఏజెంటు దగ్గరికి ఎప్పుడో చేరిపోయింది. మూడో పూరీ తిన్నా అది తిరిగి రాదు, తినకపోయినా పోయేది ఇంకేమీ లేదు. చక్కెర జబ్బు ఉన్న పెద్దాయన మిఠాయి నాలుగు ముక్కలు తిని రాబట్టుకునేదేమిటి? మందుల షాపులో మరికొంత ఖర్చే కదా.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా బృందం మక్కాలో మిస్ఫలా వైపు ఒక హోటల్లో దిగింది. ఒక రాత్రి ఇషా తర్వాత మాంసం, అన్నం, తీపి అన్నీ ఘనంగా పెట్టారు. నేను కూడా “రోజూ దొరికేదా” అనుకొని రెండుసార్లు వడ్డించుకున్నాను. ఆయాసపడుతూ గదికి వెళ్ళి పడుకున్నాను. అలారం మోగింది, కట్టేశాను. కళ్ళు తెరిచేసరికి హరమ్ నుంచి ఫజ్ర్ జమాఅత్ ముగించుకొని జనం తిరిగి వస్తున్నారు. మస్జిదె హరామ్‌లో ఒక్క నమాజు మరోచోట లక్ష నమాజుల కన్నా ఘనమైనదని హదీసు విని, ఏళ్ళ తరబడి డబ్బు కూడబెట్టి, అంత దూరం వెళ్ళినవాణ్ణి నేను. గదిలో ఒంటరిగా రెండు రకాతులు చదువుకున్నాను. ఆ రాత్రి భోజనం ఖరీదు ఎంతని ఎవరైనా అడిగితే ఏం చెప్పను?

ఆ ఉదయం సిగ్గుతో ఆలస్యంగా భోజనశాలకు వెళ్ళాను. బల్లలు తుడిచే కుర్రవాడు మా తెలుగు విని పలకరించాడు. జగిత్యాల దగ్గరివాడట. పళ్ళేలలో మిగిలినవన్నీ పెద్ద నల్ల సంచిలోకి గీకుతున్నాడు. “వీటిని ఎవరికైనా ఇవ్వకూడదా బేటా?” అన్నాను. “చాచా, ట్రేల మిగిలింది మేం తింటం, ఇంకా ఎక్కువుంటే తీస్కపోయేటోళ్ళొస్తరు. ప్లేట్ల మిగిలింది ఎవరు తింటరు? గిది సంచిలకే” అన్నాడు. ఈ మాటలో ఇంకో వాదనకు కూడా జవాబు ఉంది. “మనం తినకపోతే హోటల్‌వాళ్ళు ఎలాగూ పారేస్తారు” అని చాలామంది అంటారు. కొన్నిచోట్ల అది నిజమే కావచ్చు. అయినా ట్రేలో ఉన్న అన్నానికి ఇంకొకరి నోటికి చేరే దారి ఉంది, మన ఎంగిలి పళ్ళెంలోకి వచ్చిన అన్నానికి ఆ దారి మూసుకుపోతుంది. మూసింది మనం. అంతేకాదు, ఈ రోజు ట్రేలు ఎంత ఖాళీ అయ్యాయో చూసే వంటవారు రేపటికి ఎంత వండాలో నిర్ణయించుకుంటారు.

సరిగ్గా అదే సమయంలో మా బృందంలోని ఇద్దరు వృద్ధ స్త్రీలు వచ్చారు. ఫజ్ర్ తర్వాత తవాఫ్ చేసుకొని, సూర్యోదయం దాకా కూర్చొని వచ్చిన ఖాలాలు వారు. వారికి మిగిలింది బ్రెడ్డు, చాయ్ మాత్రమే. గుడ్లు, కూర అయిపోయాయి. ఆ గుడ్లలో కొన్ని సంచిలో ఉన్నాయి, నేను చూశాను. కలిసి కూర్చొని ఖర్జూరాలు తినేటప్పుడు తోటివారి అనుమతి లేకుండా రెండేసి పళ్ళు ఒకేసారి తీసుకోవడాన్ని దైవప్రవక్త (స) నివారించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) కరవు రోజుల్లో ఖర్జూరాలు తింటున్నవారి పక్కనుంచి వెళుతూ ఈ మాటే గుర్తు చేసేవారని బుఖారీలో ఉంది. ఒక్క ఖర్జూరం అదనంగా తీసుకోవడానికి కూడా పక్కవాణ్ణి అడగాలి! బఫే బల్లకు ఇంతకన్నా సరిపోయే హదీసు నాకు కనిపించలేదు. ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురిది నలుగురికి సరిపోతుందని బోధించిన ప్రవక్త (స) ఉమ్మత్‌లో నలుగురి భోజనం ఇద్దరికి సరిపోకుండా పోతోంది.

కొందరు హజ్రత్ అబూ హురైరా (రజి) పాల వృత్తాంతాన్ని ఉదాహరిస్తారు. దైవప్రవక్త (స) ఆయన చేత త్రాగించి, ఇంకా త్రాగమని, ఇంకా త్రాగమని అంటూ ఇక చోటు లేదనేదాకా త్రాగించారు కదా, కడుపునిండా తింటే తప్పేమిటి అని వారి ప్రశ్న. కడుపు నిండడం హరామ్ కాదు, నిజమే. కానీ ఆ వృత్తాంతం మొత్తం చదవండి. ఆకలికి తాళలేక కడుపుకు రాయి కట్టుకొని దారిలో కూర్చున్న మనిషి ఆయన. ఉన్నది ఒక్క పాత్ర పాలు. దాన్ని ముందు సుఫ్ఫా నివాసులందరికీ త్రాగించమని ఆజ్ఞ అయింది. తనకు మిగలదేమోనని ఆయన మనసులో దిగులు పడ్డారు కూడా. అందరూ త్రాగాక ఆయన వంతు వచ్చింది. అందరికన్నా చివర, అడుగున మిగిలినవి దైవప్రవక్త (స) త్రాగారు. మన బఫే వరుసలో ఎవరు ముందుంటారు, ఎవరు చివరుంటారు?

మామూలు రోజులకు ఇచ్చిన కొలత వేరే ఉంది. మనిషి నింపే పాత్రల్లో కడుపును మించిన చెడ్డ పాత్ర లేదని, నడుము నిలిపే కొద్ది ముద్దలు చాలని, తప్పదనుకుంటే మూడోవంతు తిండికి, మూడోవంతు నీటికి, మూడోవంతు శ్వాసకు ఉంచుకోమని హజ్రత్ మిఖ్దాద్ కాదు, హజ్రత్ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన హదీసు (పేర్లు దగ్గరగా ఉండడంతో చాలామంది పొరబడతారు). కడుపు నిండిన తర్వాత కూడా తినడం తగదని హనఫీ ధర్మవేత్తలు స్పష్టంగా రాశారు. మరుసటి రోజు ఉపవాసానికి బలం కోసమనో, తాను లేస్తే అతిథి మొహమాటపడతాడనో తింటే మాత్రం మినహాయింపు ఇచ్చారు. “డబ్బు కట్టాను” అన్న మినహాయింపు వారి గ్రంథాల్లో లేదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ప్రచురించిన నివేదిక ప్రకారం 2022 ఒక్క సంవత్సరంలోనే ప్రపంచంలో దాదాపు 105 కోట్ల టన్నుల ఆహారం వృధా అయింది. అందులో హోటళ్ళు, క్యాంటీన్లు వంటి చోట్ల పోయింది 29 కోట్ల టన్నులు. ఇళ్ళలో పోయింది అంతకు రెట్టింపు కన్నా ఎక్కువ, 63 కోట్ల టన్నులు. 78 కోట్లమంది ఆకలితో ఉన్న కాలమది. ఇళ్ళ అంకె చూశాక హోటళ్ళను మాత్రమే నిందించే వీలు మనకు లేదు. ఇంటి అలవాటే ప్రయాణంలో పెద్దదై కనిపిస్తుంది.

పిల్లల విషయంలో తల్లిదండ్రులు ఇంకాస్త శ్రద్ధ వహించాలి. రంగురంగుల కేకులు చూస్తే పిల్లవాడు అన్నీ కావాలంటాడు, అది సహజం. ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్నతనంలో దైవప్రవక్త (స) సంరక్షణలో పెరుగుతున్నప్పుడు ఆయన చెయ్యి పళ్ళెమంతా తిరుగుతుండేది. అల్లాహ్ పేరుతో మొదలుపెట్టమని, కుడిచేత్తో తినమని, తన ముందున్నది తినమని ఆయన (స) ఎంతో నెమ్మదిగా నేర్పారు. ఆ తర్వాత జీవితాంతం తాను అలాగే తిన్నానని ఆ సహాబీ చెప్పుకున్నారు. పిల్లవాడి చేతికి పెద్ద పళ్ళెం ఇచ్చి వరుసలోకి వదలకండి. ఒక్కోటి ఒక చెంచా రుచి చూపించండి, నచ్చినది మళ్ళీ తెచ్చుకోనివ్వండి. పళ్ళెం ఊడ్చి తినమని, ఆహారంలో శుభం ఏ భాగంలో ఉందో మీకు తెలియదని ముస్లిమ్ హదీసు గ్రంథంలో ఉన్న బోధను ఆ బల్ల దగ్గరే చెప్పండి. మర్చిపోడు.

పెద్దలు చేయగలిగినది బయలుదేరక ముందే చాలా ఉంది. మన దేశంలో హోటళ్ళు గది అద్దెను పలు రకాలుగా చెబుతాయి. సీపీ అంటే ఉదయం టిఫిను మాత్రమే, ఎంఏపీ అంటే టిఫినుతోపాటు ఒక పూట భోజనం, ఏపీ అంటే మూడు పూటలూ. పగలంతా బయట తిరిగేవారు మూడు పూటలకు కట్టి, మధ్యాహ్నం బయట తిని, రాత్రి ఆ లోటు పూడ్చుకుందామని కూర్చుంటారు. ముందే లెక్క చూసుకుంటే ఈ గొడవే ఉండదు. ఉమ్రా బృందం వారు ఫలానా పూట ఇంతమంది భోజనానికి రామని పొద్దున్నే చెబితే వంట అంత తగ్గుతుంది. ఆలస్యంగా వచ్చేవారి కోసం నాలుగు పళ్ళేలు ముందే తీసి మూత పెట్టించడం అమీర్ సాహెబ్ బాధ్యతగా తీసుకోవాలి.

మిగిలిన పళ్ళు, రొట్టెలు సంచిలో వేసుకొని గదికి తీసుకెళ్ళవచ్చా అని చాలామంది అడుగుతుంటారు. ఉద్దేశం వృధా ఆపడమే కావచ్చు. కానీ పైన చెప్పుకున్నట్లు మనకున్నది అక్కడ తినే అనుమతి మాత్రమే. ఒప్పుకున్న షరతులకు ముస్లిములు కట్టుబడి ఉండాలన్నది హదీసు. కాబట్టి దాచి తీసుకెళ్ళడం సరికాదు. అడిగి తీసుకెళ్ళవచ్చు. అడిగితే చాలాచోట్ల కాదనరు కూడా. మా బృందం అడిగిన మరుసటి రోజు నుంచి ఆ హోటల్‌వారే ఖర్జూరాలు, అరటిపళ్ళు పొట్లాలు కట్టి తలుపు దగ్గర పెట్టారు. హరమ్‌కు వెళ్ళేవారు తలా ఒకటి తీసుకునేవారు. ఖాలాలు ఇద్దరూ ఆ పొట్లం విప్పి, పక్కన కూర్చున్న ఎవరో ఆఫ్రికా సోదరితో పంచుకొని తినడం ఒకరోజు మా ఇంటావిడ చూసిందట.