సంతకం పెట్టే ముందు

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికైనా వెళ్ళండి. మిరపకాయల కోతకు పోయే ముఠాలో ఆడవాళ్ళను పలకరించండి. "నాకు సంచి తీసేశారమ్మా" అనేవాళ్ళు ఒకరో ఇద్దరో కనపడతారు. వయసు అడిగితే 35 అంటారు. ఒక్కోసారి 30 అంటారు.

సంచి అంటే గర్భసంచి. కడుపులో బిడ్డ పెరిగే చోటు అదే. ఆపరేషన్ చేసి గర్భసంచి తీసేయటాన్ని డాక్టర్లు హిస్టరెక్టమీ అంటారు. ఈ మాటను కూడబలుక్కుని చదవండి. హిస్ - ట - రెక్ - ట - మీ. నోరు తిరగని మాటే. అయినా ఆడవాళ్ళకు తెలిసి ఉండాల్సిన మాట. ఆసుపత్రిలో మన ముందే ఈ మాట అనుకుంటారు. మనకు అర్థం కాదు.

ప్రభుత్వం కొన్నేళ్ళకొకసారి ఇంటింటికీ తిరిగి కుటుంబ ఆరోగ్య సర్వే చేయిస్తుంది. 2015-16లో చేశారు. మళ్ళీ 2019-21లో చేశారు. 15 ఏళ్ళ నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో ఎంతమందికి గర్భసంచి తీసేశారని అడిగారు. దేశం మొత్తం మీద 100 మందిలో సుమారు 3 మందికి తీసేశారు. మన ఆంధ్రప్రదేశ్‌లో 100 మందిలో దాదాపు 9 మందికి తీసేశారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంతమంది లేరు. తెలంగాణ మన తర్వాత ఉంది. ఈ ఆపరేషన్లలో ఎక్కువ భాగం ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి.

మన ఆడవాళ్ళ గర్భసంచులకే అంత జబ్బు ఎందుకు వచ్చింది? జబ్బు ఎక్కువ కాదు. తీసేయటం ఎక్కువ.

ఇది ఎట్లా జరుగుతుందో చూడండి. మన దగ్గర ఆడపిల్లకు చిన్న వయసులో పెళ్ళి చేస్తారు. 25 ఏళ్ళు రాకముందే ఇద్దరు పిల్లలు పుడతారు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయిపోతుంది. ఆ తర్వాత గర్భసంచితో ఇక పనేముంది అనుకుంటారు. మిరప కోతల్లో, పత్తి తీతల్లో పొద్దస్తమానం వంగి పని చేస్తే నడుం లాగుతుంది. నెలసరి వస్తే చేలో చాటు ఉండదు, నీళ్ళు ఉండవు. తెల్లబట్ట అవుతుంది. పొత్తికడుపు నొప్పి వస్తుంది. వీటన్నిటికీ ఒకటే మందు చెబుతారు. సంచి తీయించుకో అంటారు.

ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారు. వినండి.

"ఏం వదినా, తెల్లబట్టకే సంచి తీయాలన్నారా?"

"అవునే. ఉంచుకుంటే క్యాన్సర్ అవుద్దంట. మన ఆరెంపీ చెప్పాడు. గుంటూరులో తెలిసిన ఆసుపత్రి ఉందంట. తనే దగ్గరుండి తీసకపోతాడంట."

"మరి పరీక్షలు చేశారా?"

"స్కానింగ్ తీశారు."

"స్కానింగ్‌లో ఏముందన్నారు?"

"అది అడగలా."

"డబ్బు ఎట్లా వదినా?"

"మూడు రూపాయల వడ్డీకి తెచ్చాం. మిరపకాయలు అమ్మాక తీర్చాలి."

వదిన అప్పు తెచ్చింది. ఊరి నుంచి బయలుదేరుతోంది. కానీ తన స్కానింగ్‌లో ఏముందో అడగలేదు. ఆరెంపీ ఎందుకు అంత ఆత్రంగా తీసకపోతున్నాడో కూడా అడగలేదు. రోగిని తెచ్చినందుకు కమీషన్ ఇచ్చే ఆసుపత్రులు కొన్ని ఉన్నాయి. అందరూ అట్లాంటివాళ్ళని కాదు. అడగటంలో తప్పు లేదు.

తెల్లబట్ట ముదిరి క్యాన్సర్ కాదు. తెల్లబట్ట చాలావరకు సూక్ష్మక్రిముల వల్ల వస్తుంది. మందు బిళ్ళలతో తగ్గుతుంది. కొన్నిసార్లు భర్త కూడా మందు వాడాలి. ఆయన వాడకపోతే మళ్ళీ వస్తుంది. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ వేరు. అది హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది. అది రాబోతోందా అని ముందే తెలుసుకోవచ్చు. ముఖద్వారం మీద వెనిగర్ లాంటి పుల్లటి ద్రావణం పూసి చూస్తారు. కొన్ని నిమిషాల పని. కోత ఉండదు. 30 ఏళ్ళు దాటిన ఆడవాళ్ళకు ప్రభుత్వం తరఫున ఈ పరీక్ష చేసే ఏర్పాటు ఉంది. మీ ఊరి ఆశా కార్యకర్తనో, నర్సమ్మనో అడగండి.

సంచి తీసేస్తే పీడ పోతుందని అనుకుంటారు. గర్భసంచికి రెండు పక్కలా అండాశయాలు ఉంటాయి. ఒంట్లో ఎముకలకు, గుండెకు బలాన్నిచ్చే హార్మోన్లు అక్కడే తయారవుతాయి. ఆపరేషన్‌లో వాటిని కూడా తీసేస్తే 50 ఏళ్ళకు రావాల్సిన ముట్లుడిగే దశ 32 ఏళ్ళకే వచ్చి పడుతుంది. ఒళ్ళంతా వేడి ఆవిర్లు వస్తాయి. నిద్ర పట్టదు. ఎముకలు గుల్లబారతాయి. గుండెజబ్బు వచ్చే అవకాశం పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా కొందరికి అవి ముందుగానే పని మానేస్తాయి. నడుం నొప్పి పోతుందని ఆపరేషన్ చేయించుకుంటే నడుం నొప్పి ఎక్కువై కూర్చుంటుంది. పైగా కొన్ని వారాలు బరువు ఎత్తకూడదు. పత్తి మూటలు ఎత్తి బతికే మనిషికి ఆ కూలి ఎవరిస్తారు?

అట్లాగని ఈ ఆపరేషన్ అసలు వద్దే వద్దు అనుకోకూడదు. గర్భసంచికి క్యాన్సర్ వస్తే తీయాల్సిందే. పెద్ద పెద్ద గడ్డలుండి, మందులు వాడినా రక్తస్రావం ఆగకపోతే తీయాల్సి రావచ్చు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే ప్రాణం కాపాడటానికి తీస్తారు. సంచి బాగా కిందికి జారితే కూడా తీస్తారు. ముట్లుడిగిన తర్వాత మళ్ళీ బట్ట కనపడితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. ఆపరేషన్ భయంతో ఆసుపత్రికి పోవటం మానేస్తే అదీ ముప్పే.

ఇక సంతకం సంగతి.

1995లో ఢిల్లీలో 44 ఏళ్ళ ఒకామె డాక్టరు దగ్గరకు వెళ్ళింది. కడుపులోకి గొట్టం పంపి చూసే పరీక్షకు ఒప్పుకుంది. మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగా బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె మెలకువ వచ్చి చూసుకునేసరికి అంతా అయిపోయింది. ఆమె ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2008 జనవరిలో తీర్పు వచ్చింది. పరీక్షకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని కోర్టు చెప్పింది. ఆమె ఈడొచ్చిన మనిషి. ప్రాణాపాయం లేదు. కాబట్టి తల్లి ఒప్పుకున్నా చెల్లదని చెప్పింది. ఆమెకు 25,000 రూపాయలు పరిహారం ఇమ్మంది. డబ్బు తక్కువే. కానీ ఆ తీర్పు దేశంలో ప్రతి ఆడమనిషికీ పనికొస్తుంది. తల్లి మాటే చెల్లనప్పుడు మొగుడి మాట, అత్త మాట, ఆరెంపీ మాట ఎట్లా చెల్లుతుంది? ఆపరేషన్ ఎవరికో, ఒప్పుకోవాల్సింది వాళ్ళే. ప్రాణం మీదికొచ్చి రోగి మాట్లాడలేని స్థితిలో ఉంటే మాత్రం డాక్టరు ఆగనక్కర్లేదు.

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం ఇస్తారు. దాన్ని సమ్మతి పత్రం అంటారు. సమ్మతి అంటే ఒప్పుకోవటం. చాలాచోట్ల అది ఇంగ్లీషులో ఉంటుంది. "తెలుగులో ఉందా అండీ?" అని అడగండి. లేకపోతే చదివి చెప్పమనండి. మీ పేరు సరిగా ఉందా? ఏ ఆపరేషనో రాశారా? ఏవేవి తీస్తారో రాశారా? అండాశయాలు కూడా తీస్తారా? ఎందుకు? ఖాళీలు వదిలిన కాగితం మీద సంతకం పెట్టకండి. ఖాళీ ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేస్తే ఏమవుతుందో మన ఊళ్ళలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇదీ అట్లాంటిదే. సంతకం నేర్చుకున్నాం కదా అని అడిగిన చోటల్లా పెట్టేయకూడదు.

"ఇంకో డాక్టరుకు చూపించుకుంటాను" అని చెప్పటం రోగి హక్కు. కోపగించుకుంటారని భయపడకండి. గుంటూరు పెద్దాసుపత్రిలో ఆడవాళ్ళ డాక్టర్లు ఉంటారు. స్కానింగ్ కాగితాలు అక్కడ చూపించుకోవచ్చు. మగ డాక్టరు పరీక్ష చేసేటప్పుడు ఇంకో ఆడమనిషి గదిలో ఉండాలని అడగటం కూడా హక్కే. మీ రికార్డులు మీరు అడిగితే 72 గంటల్లోగా డాక్టరు ఇవ్వాలి. ఈ నియమం 2002 నుంచి ఉంది. ఆ కాగితాలు చింపేయకండి. సంచిలో పెట్టి దాచండి.

ఆపరేషన్ బల్ల దగ్గర కూడా ఒక పద్ధతి ఉంది. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 19 అంశాలతో ఒక పట్టిక తయారుచేసింది. మత్తు ఇవ్వకముందు రోగిని పేరు అడగాలి. ఏ ఆపరేషనో అడగాలి. మందులు పడకపోవటం ఉందా అని చూడాలి. కుట్లు వేసే ముందు గుడ్డలు, సూదులు లెక్కపెట్టాలి. ఢిల్లీతో కలిపి 8 నగరాల్లో దీన్ని పరీక్షించారు. అంతకుముందు 1,000 మందిలో 15 మంది చనిపోయేవారు. పట్టిక వాడాక 8 మందికి తగ్గింది. ఖర్చు లేదు. అడగటం, లెక్కపెట్టటం. అంతే. కాబట్టి ఆపరేషన్ గదిలో నర్సు "నీ పేరేంటమ్మా?" అని మళ్ళీ మళ్ళీ అడిగితే విసుక్కోకండి.

శుభ్రత కూడా ఇందులో భాగమే. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలో ఎలుకలు కొరికిన పసికందు చనిపోయింది. అప్పుడు రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అక్కడ డాక్టరు చదువు తక్కువై కాదు. ఎలుకలను రానివ్వకూడదనే చిన్న పని జరగలేదు. మీ మంచం దగ్గర ఎలుకలు తిరుగుతున్నా, సూది కొత్త ప్యాకెట్ నుంచి తీయకపోయినా వెంటనే చెప్పండి.

సంచుల ఆపరేషన్ల మీద 2013లో ఒక డాక్టరు సుప్రీంకోర్టులో కేసు వేశారు. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో పేద ఆడవాళ్ళకు అవసరం లేకుండా సంచులు తీసేస్తున్నారని చెప్పారు. ఆరోగ్య బీమా డబ్బు కోసం ఇట్లా జరుగుతోందని చెప్పారు. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్ర ఆరోగ్య శాఖ రాసిన నియమాలను రాష్ట్రాలన్నీ 3 నెలల్లో అమలు చేయాలంది. ఆ నియమాల ప్రకారం జిల్లాలో, రాష్ట్రంలో, దేశంలో కమిటీలు ఉండాలి. ఎవరికి, ఏ వయసులో, ఏ కారణంతో సంచి తీశారో ఆ లెక్క కమిటీలు చూడాలి.

డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే, అక్కడ నిర్లక్ష్యం జరిగితే, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళవచ్చు. 1995లో సుప్రీంకోర్టు ఈ దారి చూపింది. 1915 నంబరుకు ఫోన్ చేసినా ఎట్లా వెళ్ళాలో చెబుతారు. అందరికీ ఉచితంగా చేసే ఆసుపత్రికి ఈ దారి వర్తించదు. అక్కడైతే సూపరింటెండెంటుకు, కలెక్టరుకు అర్జీ రాయాలి. అర్జీ రాయటం మీకు వచ్చు కదా.

మాట్లాడుకోండి:

మీ వీధిలో ఈ ఆపరేషన్ అయిన వాళ్ళు ఎంతమంది? ఎన్నేళ్ళ వయసులో అయింది? ఏం కారణం చెప్పారు?

అండాశయాలు తీశారో ఉంచారో వాళ్ళకు తెలుసా?

సమ్మతి పత్రం మీద ఎవరు సంతకం పెట్టారు?

ఎవరి దగ్గరైనా డిశ్చార్జి కాగితం ఉంటే తీసుకురండి. ఇంగ్లీషు వచ్చిన వాళ్ళతో చదివించండి. అందులో ఏం తీశామని రాశారో తెలుగులో మీ నోటుపుస్తకంలో రాసుకోండి.